శాలువాలో మాత్రల మూట

ఆయన చిరునవ్వు గురించి నాలుగు ముక్కలు రాయమని ఫోన్ వచ్చింది.

చేసినాయన విశాఖపట్నంలో ఏదో సేవాసంఘానికి కార్యదర్శి. గొంతుకు వెన్న రాసుకున్నట్టు మాట్లాడాడు. “మేడమ్, అరకు డాక్టరు గారు పోయారని తెలిసి మా సభ్యులందరం చాలా బాధపడ్డాం. ఆయన స్మృతికి చిన్న పుస్తకం వేస్తున్నాం. మా క్యాంపులో ఆయనకు శాలువా కప్పినప్పటి ఫొటో మా దగ్గరుంది. అందులో ఎంత చక్కగా నవ్వుతున్నారో! ఆ చిరునవ్వు, ఆ ఓర్పు, ఆ సేవాభావం... మీరు అక్కడ టీచరుగా చాలాకాలం చేశారు కదా. మీరైతే బాగా రాస్తారు.”

నాకు ఒళ్లు మండిపోయింది. చిరునవ్వట! ఓర్పట! ఆ లోయలో ఎవరిని లేపి అడిగినా చెబుతారు, ఆయనంత నోటిదురుసు మనిషి ఘాట్ రోడ్డు పొడుగునా ఇంకొకడు లేడని. చచ్చిపోయిన మనిషి లేచి ఎదురు చెప్పలేడు కదా, ఎవడికి కావలసిన మొహం వాడు తగిలించేస్తాడు. “నేను రాయనండీ” అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక రాయకుండా ఉండలేకపోయాను. ఇది మాత్రం వాళ్ల పుస్తకానికి కాదు.

తొంభైల మొదట్లో మేం అరకులోయకు వెళ్లాం. మా ఆయనకు కాఫీ తోటల ఆఫీసులో ఉద్యోగం, నాకు గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పే పని. మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఆ ఏడాది ఆవిడ మాటిమాటికీ పడిపోయేవారు. మంచం మీంచి లేస్తే కళ్లు తిరగడం, గోడ పట్టుకునేలోపు కూలబడడం. కిందకు తీసుకెళ్లాం. అక్కడ మైదానాన్ని ‘కిందన’ అనే అంటారు. గుండె డాక్టరు మాత్రలు రాశాడు. షుగరు డాక్టరు ఇంకొన్ని రాశాడు. కళ్లు తిరుగుతున్నాయంటే నరాల డాక్టరు మరి రెండు కలిపాడు. పసుపు గుడ్డసంచి నిండా మందులతో ఘాట్ ఎక్కి వచ్చాం. ఆవిడ పడిపోతూనే ఉన్నారు.

మా హాస్టల్లో వంట చేసే సుక్రి చూడలేక, “సంత కాడ డాట్రుబాబుకి సూపించండమ్మా. తిడతాడు గానీ సూత్తాడు” అంది.

సంత మైదానం అంచున ఒక రేకుల గది, దాని ముందు వరండా, వరండాలో పొడుగాటి బల్ల. అదే ఆయన ఆసుపత్రి. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు. మేం వెళ్లేసరికి ఒక ముసలాయన్ని పట్టుకుని తిట్లతో ఎడాపెడా వాయిస్తున్నాడు. తర్వాత మా వంతు వచ్చింది. అత్తగారిని చూడలేదు, నన్ను చూడలేదు, సంచిని చూశాడు.

“అందులో ఏటుంది?”

“మాత్రలండీ.”

సంచి లాక్కుని బల్లమీద బోర్లించాడు. ఒక్కో అట్టా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, “ఇదెందుకు?” అన్నాడు. బీపీకన్నాను. “ఇది?” నాకు తెలీదన్నాను. “ఇది?” అదీ తెలీదన్నాను.

“మూడూ బీపీకే. పేరు మారింది, రంగు మారింది. ఒక కాలికి మూడు సెప్పులు తొడిగితే ముసలావిడ పడక ఏటి సేస్తాది?” అంటూ రెండు అట్టలు తీసి వెనక ఉన్న చెత్తబుట్టలోకి విసిరేశాడు. నరాల డాక్టరు రాసినవీ అందులోకే వెళ్లాయి.

నాకు కోపం నషాళానికి అంటింది. “పెద్ద పెద్ద డాక్టర్లు రాసినవండీ అవి! మీ ఇష్టమొచ్చినట్టు పారేస్తారా?”

“పెద్ద డాక్టరుకి మీ అత్త గుండెకాయ తెలుసు. కాదన్నానా? మీ దొడ్డి గుమ్మం ఎంత ఎత్తుందో ఆయనకి తెలుసా? పోనీ, నీకు తెలుసా?”

నాకు తెలీదు. అత్తగారికి తెలుసు. “మోకాలి దాకా ఉంటాది బాబూ, దాని పక్కనే నీళ్ల డ్రమ్ము” అన్నారు ఆవిడ, ఎన్నాళ్లకో ఒక మనిషి అడగవలసింది అడిగినట్టు.

మర్నాడు పొద్దున్నే ఇంటికొచ్చాడు. సినిమాల్లో ఫ్యామిలీ డాక్టరంటే నల్లపెట్టె పట్టుకుని వచ్చి, ప్రమాదమేమీ లేదని చెప్పి, కాఫీ తాగి వెళ్లే మనిషి. ఈయన కాఫీ ముట్టలేదు. రోగి వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా దొడ్లోకి వెళ్లాడు. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టి జారి చూశాడు. డ్రమ్ము అక్కణ్నుంచి తీయమన్నాడు, గుమ్మానికి ముందూ వెనకా ఒక్కో మెట్టు కట్టమన్నాడు. “ఇంత సదువుకుని ముసలిదాని కాళ్లు ఇరగ్గొట్టడానికి ఉచ్చు పన్నారు” అని మా ఇద్దరినీ కలిపి ఒక తిట్టు తిట్టి వెళ్లిపోయాడు. అత్తగారు పడిపోవడం తగ్గింది. నా కోపం తగ్గడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మంచి చేసినవాడు మెత్తగా మాట్లాడితే వాడి సొమ్మేం పోతుంది?

ఆయన ఎక్కడివాడో, పెళ్లాం పిల్లలు ఉన్నారో లేరో నాకు తెలీదు. మాట బొబ్బిలి వైపు మాట. ప్రభుత్వ ఉద్యోగం వదిలేశాడని కొందరు, పీకేశారని కొందరు. నేనే ఒకసారి అడిగితే, “నీకెందుకు టీచరమ్మా? నీకు బీపీ ఉందా?” అన్నాడు. లేదన్నాను. “అయితే పో” అన్నాడు.

సంతరోజు మాత్రం ఆయన్ను చూడాలి. తెల్లారేసరికి బల్ల మీద కూచునేవాడు. కొండల మీంచి జనం దిగేవాళ్లు. పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని ఒకరి వెనక ఒకరు వరసగా నడిచి వచ్చేవాళ్లు. ఈయన బల్ల మీంచే ఆ నడకలు చూసేవాడు. “ఓలే, ఎడం కాలు ఈడుస్తన్నావేటే? ఇలా రా!” అని మైదానం అవతలికి వినబడేలా అరిచేవాడు. పిలిస్తే వచ్చేవాళ్లు కొందరు, పిలిచినకొద్దీ పరిగెత్తేవాళ్లు కొందరు. పరిగెత్తితే మరీ మంచిదనేవాడు, పరిగెత్తగలిగిన ముసలోణ్ని చూడనక్కర్లేదని.

వచ్చినవాళ్ల సంగతి అలా ఉంచండి. రానివాళ్లు ఆయనకు ఎక్కువ పని. “మీ ఊరి కావిళ్లన్నీ దిగాయి. ఆ చెవిటి ముసలోడేడీ? పోయిన సంతకీ రానేదు” అని అడిగేవాడు. జొరమనో, కాలు నొప్పనో ఎవరో చెప్పేవాళ్లు. సంత అయ్యాక మఫ్లరు బిగించుకుని ఆ ఊరి దారి పట్టేవాడు. ఎవరు ఏ కొండమీద ఉంటారో, ఎవరికి పళ్లు లేవో, ఎవరికి కొడుకు అన్నం పెడతాడో, ఎవరికి కోడలు పెడుతుందో అన్నీ బుర్రలో ఉండేవి. సూదిమందు అడిగితే మాత్రం కర్ర తీసేవాడు. పక్క సందులో చదువూ సంధ్యా లేని వాడొకడు వచ్చినవాడికల్లా సెలైను ఎక్కించి పంపేవాడు. జనం అక్కడికి సంతోషంగా వెళ్లేవాళ్లు, ఒళ్లు గుల్ల చేసుకుని ఇక్కడికి తిరిగొచ్చేవాళ్లు. “వాడు దేవుడు, నాను దెయ్యం. దెయ్యం కాడికి ఎందుకొచ్చావు?” అంటూనే చెయ్యి పట్టుకుని చూసేవాడు.

సుక్రి తల్లి పేరు బుద్రి. సన్నగా, నల్లగా, తుమ్మ చేవలా ఉండేది. ఊరు లోయకు పడమట కొండ మీద, గుప్పెడు ఇళ్లు. ఆవిడకు బీపీ చాలా ఎక్కువగా ఉందని, కాళ్లు వాస్తున్నాయని ఒక సంతరోజు ఈయన పట్టుకున్నాడు. మళ్లీ నెల సంతదాకా సరిపడా మాత్రలిచ్చాడు, రోజుకొకటి అన్నాడు. ఆ వచ్చిన నెల చూస్తే బీపీ దిగలేదు సరికదా ఎక్కింది. మాత్రలు ఎప్పుడో అయిపోయాయంది.

“అయిపోవడమేటి? గుప్పిళ్లతో మింగినావా?”

తల్లికి తెలుగు నిదానంగా వస్తుంది. సుక్రి అందుకుంది. “పంచీసింది బాబూ.”

“పంచీడమేటి?”

“మంచి మందని నువ్వే అన్నావు కదా. ఊళ్లో పెద్దోళ్లందరికీ వాటా ఎయ్యకుండా ఒక్కర్తీ ఎలగ మింగుతాది? ఇటుకల పండక్కి మగోళ్లు అడివిలో ఏటకెళ్తే ఎంత సిన్న జంతువు దొరికినా ఊరందరికీ వాటాలు పడాల గదా.”

ఆ వేళ ఆయన తిట్లకు సంతలో బేరాలు ఆగిపోయాయి. బుద్రి కదలకుండా నిలబడి అంతా విని, “మరి తప్పేటి?” అని అడిగింది. ఆయన మఫ్లరు పీక్కుని, చివరికి ఒక ఉపాయం చెప్పాడు. “ఇదిగో, ఇత్తనాలు పంచుకు తింటారా మీరు? ఎవరింటి ఇత్తనం వారింట్లోనే దాస్తారు కదా. ఇది నీ ఇత్తనం అనుకో. ఎవులికీ ఇవ్వకు.” బుద్రి మొహం విప్పారింది. ఇది తెలిసిన మాట. తలాడించి మాత్రలు కొంగున కట్టుకుని వెళ్లింది.

మరుసటి నెల నేనక్కడే ఉన్నాను. అత్తగారిని తీసుకుని వెళ్లాను. బుద్రి గర్వంగా వచ్చింది. ఈసారి ఎవరికీ ఇవ్వలేదంది, ఒక్కటి కూడా పోలేదంది. ఎండిన ఆనపబుర్ర ఒకటి తెచ్చి బల్ల మీద బోర్లించింది. సామలూ చోళ్లూ దాచుకునే విత్తనాల బుర్ర అది. మాత్రలన్నీ ఇచ్చినవి ఇచ్చినట్టే జలజలా రాలాయి. పురుగు పట్టకుండా బూడిద కూడా కలిపింది.

ఆయన మొహం ఎర్రబడి, నల్లబడి, మళ్లీ ఎర్రబడింది. “మింగలేదేటే?”

“ఇత్తనం తినీమంటావేటి? నువ్వే గదా ఇత్తనమన్నావు! ఇత్తనం తిన్న ఇల్లు బాగుపడదు.”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. “నవ్వు టీచరమ్మా, నవ్వు. దీనికి తలలో నరం చిట్లినప్పుడు కూడా నవ్వుదువు గాని!” నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన బూడిద మాత్రలను చేత్తో ఒకపక్కకు నెట్టాడు. తర్వాత ఎవరితోనో కాదు, బల్లతో చెప్పుకున్నట్టుగా, “తప్పు దానిది కాదు. ఊరుని ఒగ్గేసి ఒక్క ముసలిదాన్నే సూశాను” అన్నాడు. లేచి గది తలుపు వేసి, బుద్రి వెనకే కొండెక్కాడు.

అక్కడేం చేశాడో సుక్రి చెబితే తెలిసింది. ఊళ్లో ముసలివాళ్లందరినీ ఒకచోట కూచోబెట్టి ఒక్కొక్కరినే చూశాడు. కొందరికి ఏ మందూ అక్కర్లేదు. ఒకాయనకు బుద్రికంటే ఎక్కువ బీపీ. ఒకామెకు ఆయాసం. ఎవరికి ఏది కావాలో అది ఇచ్చి, ఎవరి మాత్ర వాళ్లదే అన్నాడు. కాని అందరూ ఒకేసారి మింగాలన్నాడు. పొద్దుగూకే ముందు అంబలి తాగడానికి ముసలివాళ్లంతా బుద్రి ఇంటి ముందు చేరాలి, ఎవరిది వాళ్లు మింగాలి, మిగతావాళ్లు చూడాలి. మాత్రలు అక్కర్లేని వాళ్లకు కూడా పని పెట్టాడు, చూడడం. అలా అయితే వాటా వేసినట్టే ఉంటుంది, ఎవరూ ఒంటరిగా తిన్నట్టు ఉండదు. ఆ ఊళ్లో ఆ పద్ధతి ఏళ్లతరబడి సాగింది. సాగినంతకాలం సంతరోజుకు వాళ్లంతా తమ కాళ్ల మీద తాము దిగివచ్చారు. దీన్ని పెద్ద ఘనకార్యమని నేననడం లేదు. ఒక డాక్టరు తన తప్పు తాను చూసుకుని, కొండెక్కి, మళ్లీ మళ్లీ ఎక్కాడు. అంతే.

అంతేనని ఇప్పుడు ఫోన్ చేసిన పెద్దమనుషులకు ఎవరు చెప్పాలి?

రెండువేల సంవత్సరం దాటాక ఒక చలికాలం వాళ్ల క్యాంపు మా స్కూలు మైదానంలో పెట్టారు. షామియానా, మైకు, పెద్ద బ్యానరు, బ్యానరు మీద దాతల ఫొటోలు. వచ్చిన ప్రతి ముసలివాడికీ ఒక దుప్పటి, పులిహోర పొట్లం. తెల్లకోట్లు వేసుకున్న కుర్ర డాక్టర్లు బల్లల వెనక కూచుని బీపీ చూడడం, మాత్రల పొట్లం చేతిలో పెట్టడం. నువ్వెవరు, ఇప్పటికే ఏం మింగుతున్నావని అడగడానికి తీరిక లేదు. అడిగినా వాళ్ల భాష వీళ్లకు రాదు. మా పిల్లలచేత స్వాగతగీతం పాడించాను. మధ్యాహ్నం స్థానిక వైద్యునికి సన్మానం అని కార్యక్రమంలో ఉంది. ఆయన రాడని నేననుకున్నాను. వచ్చాడు. అతిథులు మాట్లాడుతున్నంతసేపూ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. లేపి శాలువా కప్పారు. ఫొటో తీశారు.

అదే ఆ ఫొటో. అందులో ఆయన నవ్వడం లేదు. ఎండ ఎదురుగా ఉంది. కింద ముందువరసలో కొత్త దుప్పటి కప్పుకుని బుద్రి నిలబడి ఉంది. ఆమె గుప్పెట్లో ఉన్న పొట్లం మీద పేరు చదవడానికి ఈయన కళ్లు చిట్లించి, పళ్లు బిగించి చూస్తున్నాడు. అది చిరునవ్వట!

శాలువాతోనే వేదిక దిగాడు. “ఏదీ, సూపించు” అని పొట్లం తీసుకుని చూశాడు. “ఇది మన మాత్రే. సొక్కా మార్చుకొచ్చింది. ఇది మింగుతావా?”

“మింగుతాను బాబూ.”

“మరి నానిచ్చింది?”

“అదీ మింగుతాను. ఇచ్చినోడి సెయ్యి ఒట్టినే తిప్పి పంపుతామేటి?”

ఆయన శాలువా తీసి నేల మీద పరిచాడు. వరసలో తన ముసలివాళ్లందరి దగ్గరికీ వెళ్లి పొట్లాలు గుంజుకుని అందులో పడేశాడు. కొందరు ఇవ్వనన్నారు. చేతులు విడదీసి మరీ లాక్కున్నాడు. “దుప్పటి ఉంచుకోండి. దుప్పట్లు రెండు కప్పుకున్నా ఎవుడూ సావడు” అన్నాడు. చెవిటి ముసలాయన పొట్లం గుండెలకు అదుముకుని, “నోటికాడది లాగీసినావు, నీ నోట్లో మన్నెయ్య!” అని ఏడ్చాడు. ఈయన శాలువాను మూటగట్టి తీసుకొచ్చి వేదిక మీద బల్లపై పెట్టాడు.

నిర్వాహకుడి మొహం మాడిపోయింది. “ఏంటి సార్ ఇది? మంచి కంపెనీ మందులు. మేం సేవ చేయడానికి వచ్చాం.”

“మంచివే. ఇసమని నానన్నానా? మళ్లీ ఎప్పుడొస్తారు?”

“వచ్చే ఏడాది... అందరికీ వీలు చూసుకుని...”

“వీలు చూసుకుని! ఏడాదికొక పెళ్లిభోజనం పెట్టి, ఈ ముసలోళ్లని సాకుతున్నామని బోర్డు కడతారా? నీ మాత్రా నా మాత్రా కలిపి మింగి రేపు ఈ ముసల్ది గెడ్డలో నీళ్లు దాటతా కళ్లు తిరిగి పడతాది. పడిందని నీకు కబురు ఎవుడు తెస్తాడు? ఏ ఊరికి తెస్తాడు? సెప్పు!”

మైకు తెరిచే ఉంది. అంతా లోయకు వినబడింది. నిర్వాహకుడు పాటకని మా స్కూలు పిల్లలను పిలిచాడు. వాళ్లు మళ్లీ స్వాగతగీతమే పాడారు, వాళ్లకు వచ్చింది అదొక్కటే.

తర్వాత ఆయనకు దక్కింది ఏమిటంటే, అపనింద. ఉచితంగా వచ్చిన మందు లాక్కున్నాడు, తన దుకాణం పోతుందని ఏడుపు అన్నారు. అన్నవాళ్లలో మా స్టాఫ్‌రూమ్ వాళ్లు కూడా ఉన్నారు. నేను వాళ్లతో పోట్లాడి నెలల తరబడి మాట్లాడలేదు. ఆ తర్వాతి సంతకు చాలాసేపటిదాకా ఆయన బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ముసలివాళ్లు అటు తిరిగి నడిచి పోతున్నారు. ఆయన ఎవరినీ పిలవలేదు. మొదట వచ్చింది బుద్రి. వచ్చి కూచోలేదు, నిలబడి కడిగేసింది. “ఒకడిచ్చింది సేతిలోంచి లాగీసీవోడు దొంగకంటే అన్నేయం. మా ఊళ్లో నీ పేరెత్తితే ఉమ్మేత్తన్నారు. నాను కూడా ఉమ్మేద్దునే. ఇంతకాలం సూసినావని ఉమ్మలేకపోనాను...” ఇంకా చాలా అంది. ఆయన తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక, “ఇంత ఘాటీ ఎక్కి దిగి వొచ్చి, ఇంత సేపు ఒక్క ఊపిరిన తిట్టినావు. ఆయాసం రానేదు. మంచిదే. కూకో” అన్నాడు.

బుద్రి కూచుంది. చెయ్యి చాపింది.

ఆయనకూ వయసు మీదపడింది. చేతులు వణికేవి. కొండలు ఎక్కడం మానలేదు. మొన్న వానాకాలం ఒక సంతరోజు బల్లమీదే ఒరిగిపోతే, ఆ వేళ పనిమీద అరకు వెళ్లి ఉన్న మా ఆయనా ఇంకొందరూ జీపులో వేసుకుని కిందకు తీసుకెళ్లారు. పెద్దాసుపత్రిలో మొదట అడిగిన ప్రశ్న, “ఈయన ఏం మందులు వాడతారు?” ఎవరికీ తెలీదు. ఎప్పటినుంచి బాగాలేదు? తెలీదు. లోయలో ప్రతి ముసలివాడి ఒంట్లో ఏముందో ఎరిగిన మనిషి ఒంట్లో ఏముందో ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఆయన్ను చూసే డాక్టరు ఎవరని అడిగితే మా ఆయన ఏం చెప్పాలో తెలీక ఆయన్నే చూపించారట. అక్కడే పోయాడు.

రేకుల గదిలో ఇప్పుడు కాఫీ పొడి, తేనె అమ్ముతున్నారు. టూరిస్టులు ఆ బల్ల మీద కూచుని ఫొటోలు దిగుతారు. ప్రభుత్వాసుపత్రికి డాక్టరు వస్తాడు, బదిలీకి అర్జీ పెట్టి వస్తాడు. వచ్చిన ప్రతివాడూ ముసలివాళ్లను కొత్తగా చూడడం మొదలుపెడతాడు, మొదలుపెట్టిన చోటే వదిలేసి పోతాడు. దీనికి ఎవరి గుండే మండదు. ఆయన్ను దేవుడని పుస్తకం వేయడానికి మాత్రం అందరికీ తీరిక ఉంది. దేవుడని ఎందుకంటారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ప్రతి చోటా ఉండవలసిన మామూలు మనిషి ఒకడు మాకు దొరికాడు. నెలనెలా అదే మనిషి, అదే బల్ల, అవే తిట్లు. ముసలితనానికి కావలసిన వైద్యంలో ముప్పాతిక భాగం అదే. అది మామూలు సంగతని ఒప్పుకుంటే ఆ చోటులో ఇంకొకణ్ని పెట్టవలసి వస్తుంది. దేవుడని పటం కట్టేస్తే ఆ బాధ్యత తప్పుతుంది.

పోయిన వారం నేను కొండెక్కి బుద్రి ఊరికి వెళ్లాను. ఉద్యోగాలు అయిపోయాక ఇప్పుడు మేం కిందన శృంగవరపుకోటలో ఉంటున్నాం. బస్సులో అరకు దాకా వచ్చి, సుక్రిని తోడు తీసుకుని నడిచాను. బుద్రి ఇంటి ముందు కూచుని చోళ్లు చెరుగుతోంది. ముసలివాళ్లు మరికొందరు చుట్టూ ఉన్నారు.

“ఎలిపోనాడంట గదా” అంది నన్ను చూసి. ఔనన్నాను. చేట పక్కన పెట్టింది.

నేను సంచిలోంచి మాత్రలు తీశాను. అవే మాత్రలు, అదే పేరు. అందరివీ సుక్రిని ముందే ఫోన్లో అడిగి తెలుసుకుని తెచ్చాను. “నెలనెలా నేను పంపిస్తాను. మీరేమీ దిగులు పడొద్దు” అన్నాను. నాకు నేనే గొప్పగా అనిపించాను కూడా.

బుద్రి వాటిని ముట్టుకోలేదు. “మాత్ర దొరుకుతాదమ్మా. కిందన కొట్లో అమ్మీవోడు నేడేటి? సుక్రి తెత్తాది. వానలప్పుడు ఇది ఒకటి ఎయ్యమనీవోడు. ఎండలొత్తే సగం సెయ్యమనీవోడు. ఒక్కోపాలి అంతా మానీమనీవోడు. ఇప్పుడు ఎప్పుడు మానాలో ఎవులు సెప్తారు?”



ఆవిడ కాలు చాపి నా ఒళ్లో పెట్టింది. నేను బిత్తరపోయాను, పెద్దావిడ కాలు. “ఈడ నొక్కు” అంది, చీలమండ పైన ఎముక చూపించి. “ఆయన బొటనేలితో నొక్కి వదిలి సూసేవోడు. సూసి మందు ఎంతెయ్యాలో సెప్పేవోడు. నొక్కు.”

నొక్కాను. ఇంకా గట్టిగా అంది. గట్టిగా నొక్కి వేలు తీశాను. అక్కడ గుంత పడింది, మెత్తటి మట్టిలో పడినట్టు. అందరూ ముందుకు వంగి దాన్ని చూశారు, ఆ తర్వాత నన్ను చూశారు. అది ఎంతసేపట్లో పూడితే మంచిదో, ఎంతకీ పూడకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. వేలికొనంత గుంత. నేను చూస్తున్నాను, అది అలాగే ఉంది.

“ఏటమ్మా?” అంది బుద్రి.

ఆవిడ పక్కన కూచున్న చెవిటి ముసలాయన గోచీ సర్దుకుని, తన కాలు కూడా నా వైపు చాపాడు.